రువాండాలో ప్రజారోగ్యం ఎలా మెరుగుపడింది? ఇంకా ఏ సమస్యలు మిగిలాయి?

1994 మారణహోమంలో డాక్టర్లు, నర్సులు ఎందరో చనిపోయారు, ఎందరో దేశం విడిచిపోయారు. 2000 సర్వే ప్రకారం పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 196 మంది పిల్లలు ఐదేళ్లు నిండకుండానే పోయేవారు. 2019-20 సర్వేకి అది 45కి దిగింది, ఇది మామూలు విషయం కాదు.

నా దృష్టిలో ఇందులో పెద్ద వాటా ఊరి ఆరోగ్య కార్యకర్తలదే. మన ఆశా వర్కర్లలాంటివాళ్లే, కాకపోతే వీళ్లను ఊరివాళ్లే ఎన్నుకుంటారు. పిల్లాడికి జ్వరమొస్తే వేలికొస నుంచి రక్తపు చుక్క తీసి, కిట్‌తో మలేరియా పరీక్ష చేసి, ఉందని తేలితే అక్కడికక్కడే మాత్రలిస్తారు. వైద్యం ఖర్చుకి సామూహిక బీమా ఉంది, నిరుపేదల ప్రీమియం ప్రభుత్వమే చూసుకుంటుంది.

డాక్టర్ల కొరత ఇంకా ఉంది. అంతకంటే బాధ కలిగించేది పోషకాహార లోపం: అదే 2019-20 సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో 33 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఇది మాత్రలతో తీరదు, తల్లి కడుపుతో ఉన్నప్పటి నుంచే సరైన తిండి, శుభ్రమైన నీళ్లు అందాలి.