టెక్సాస్‌లో 20వ వారం స్కాన్‌లో బిడ్డ బతకదని తేలితే ఏం చేయాలి?

డాలస్‌లో హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగి మీద ఆధారపడిన భార్య లేదా భర్తకిచ్చే వీసా) మీద ఉన్నామని, బిడ్డ బతకదని స్కాన్‌లో చెప్పారని, అబార్షన్ కోసం వేరే రాష్ట్రానికెళ్తే కేసవుతుందా అని ఒకరు అడిగారు. కాదండీ. టెక్సాస్ చట్టం శిక్షించేది అబార్షన్ చేసిన డాక్టర్ని. గర్భిణికి శిక్ష లేదని అందులోనే రాసి ఉంది. హెచ్-4 పొడిగింపు ఫారంలో దీని గురించి ప్రశ్నే ఉండదు.

మీ డాక్టరు చేయలేననడం మనసు లేక కాదు. 2022 ఆగస్టు 25 నుంచి అక్కడ అబార్షన్ చేసిన డాక్టరుకి యావజ్జీవం దాకా జైలు, కనీసం లక్ష డాలర్ల జరిమానా. తల్లి ప్రాణానికో, ముఖ్యమైన అవయవానికో ముప్పుంటేనే మినహాయింపు. బిడ్డ బతకకపోవడం అందులోకి రాదు. 2023 డిసెంబరులో ట్రైసోమీ 18 (బిడ్డ బతకడం చాలా కష్టమైన జన్యు లోపం) కేసులో టెక్సాస్ సుప్రీంకోర్టు కూడా అబార్షన్‌కి ఒప్పుకోలేదు. ఇది చాలా అన్యాయం.

ఇప్పుడు అసలు శత్రువు క్యాలెండరు. వారాలు లెక్కపెట్టేది ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి. బిడ్డ అవయవాలన్నీ చూసే, మనవాళ్లు టిఫా అనే స్కాన్ 18-22 వారాల మధ్య చేస్తారు. పక్క రాష్ట్రాల్లో చూస్తే, కాన్సాస్‌లో అబార్షన్‌కి గడువు 22 వారాలే కాబట్టి, రెండో అభిప్రాయం కోసం పది రోజులు ఆగితే ఆ తలుపు మూసుకుపోతుంది. న్యూ మెక్సికో, కొలరాడో చట్టాల్లో వారాల గడువు లేదు, కానీ ప్రతి క్లినిక్‌కీ తన హద్దుంటుంది. ఫోన్‌లో మొదట అడగాల్సింది అదే: "నాకు 20 వారాల 4 రోజులు, మీరు చేస్తారా?"

ఈ దశలో గర్భాశయ ముఖద్వారం తెరవడానికి ముందురోజే మందు పెడతారు, అందుకని రెండు మూడు రాత్రులకు గది తీసుకోండి. స్కాన్, జెనెటిక్ రిపోర్టులు పోర్టల్ నుంచి దించుకోండి. మీది నెగటివ్ గ్రూపైతే యాంటీ-డి ఇంజెక్షన్ గురించి ముందే చెప్పండి. పాస్‌పోర్టు, ఐ-94 (అమెరికాలోకి వచ్చినప్పటి ప్రవేశ రికార్డు) మీతోనే ఉండాలి. ఎల్ పాసో వైపు నుంచి కారులో వెళ్తే బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టులు తగులుతాయి.

ఖర్చు సంగతి: టెక్సాస్‌లో అమ్మే బీమా ప్లాన్లు ఇలాంటి అబార్షన్‌కి డబ్బివ్వవు. మీవారి కంపెనీ ప్లాన్ సెల్ఫ్-ఫండెడ్ (వైద్య ఖర్చుల డబ్బు కంపెనీయే పెట్టుకునేది) అయితే ఆ నిషేధం దానికి వర్తించదు. హెచ్‌ఆర్‌ని ఆ ఒక్క మాటే అడగండి, కారణం చెప్పక్కర్లేదు.

ఈలోగా ఉమ్మనీరు పోయినా, జ్వరం, రక్తస్రావం వచ్చినా ప్రయాణం ఆపి దగ్గర్లోని ఎమర్జెన్సీకి వెళ్లండి. ముప్పు ముంచుకొచ్చేదాకా డాక్టరు ఆగనక్కర్లేదని టెక్సాస్ చట్టానికి 2025లో వచ్చిన సవరణ చెబుతోంది. బిడ్డ గుండె ఆగిపోయి ఉంటే తీసేయడం టెక్సాస్ చట్టం ప్రకారం అబార్షనే కాదు. అక్కడ ఎవరైనా తటపటాయిస్తే ఈ రెండు మాటలూ మీవారి చేత గట్టిగా చెప్పించండి.