ఆ మూతతో కుస్తీ వద్దు

శ్రీకాకుళం నుంచి

చిరంజీవి అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

మీ హాట్ టబ్ మూత, అదే ఆ వేడినీళ్ల తొట్టి మీది మూత, బరువెక్కిపోయిందన్నావు కదా, దాన్ని ఇంక నువ్వు ఒక్కదానివీ ఎత్తకు. ముందు ఆ మాట విను, మిగతాది తరవాత. అల్లుడుగారు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగలేకపోతే ఆ పూటకి టబ్ మానేయ్. మిన్నెసోటా చలిలో నీకు నడుం పట్టేసిందంటే ఇక్కడ మీ అమ్మకి నిద్ర ఉండదు.

కిందటి చలికాలం మీ ఇంట్లో ఉన్నప్పుడు ఆ మూత అంచు పట్టుకుని చూశాను. కింద జిప్పు దగ్గర వేలితో నొక్కితే నీళ్లు చుక్కలు చుక్కలుగా కారాయి. పైన మంచు తెల్లగా పరుచుకుని ఉంది గానీ, మధ్యలో మడత ఉన్నచోట మాత్రం గీత గీసినట్టు కరిగిపోయి రెగ్జిన్ బయటపడింది. ఆ గీత వెంబడే మీ కరెంటు డబ్బులు పోతున్నాయి. బాగున్న మూత మీద మంచు అంతటా ఒకేలా నిలుస్తుంది. ఎక్కడ ముందు కరిగిందో అక్కడ వేడి కారిపోతున్నట్టు లెక్క.

ఆ సైజు మూత కొత్తగా ఉన్నప్పుడే పాతిక ముప్పై కిలోలు తూగుతుంది. నీళ్లు తాగాక రెట్టింపైనా ఆశ్చర్యం లేదు. లోపల ఉన్నది మన థర్మాకోలే. దాని చుట్టూ పల్చటి ప్లాస్టిక్ తొడుగు, ఆ పైన రెగ్జిన్. టబ్‌లో నీళ్లు 40 డిగ్రీలు, బయట మైనస్ 20. ఆవిరి వేడి వైపు నుంచి చల్లని వైపుకే పోతుంది. కింది తొడుగుకి చిన్న చిరుగున్నా అందులోంచి దూరి, థర్మాకోల్ గింజల మధ్యకి చేరి, అక్కడ చల్లబడి నీరవుతుంది. రోజూ కొంచెం కొంచెం. తడిసిన దూది పరుపైతే ఎండలో వేస్తే ఆరుతుంది, ఇది మీ చలిలో ఆరేది కాదు. కన్నాలు పెట్టి నీళ్లు కార్చేద్దామని అల్లుడుగారు అంటున్నారట, వద్దని చెప్పు. గింజల సందుల్లో పట్టిన నీళ్లు కన్నం పెడితే దిగవు. పైగా నీళ్లలోంచి వేడి పోయే జోరు పొడి థర్మాకోల్‌తో పోలిస్తే 15 రెట్ల పైమాటే. అంటే ఆ మూత బరువుకి బరువూ చేటు, పనికి పనీ చెయ్యదు.

నేను ఐస్ ప్లాంట్‌లో ఉన్నన్నాళ్లూ మాకూ ఇదే గొడవ, కాకపోతే తిరగేసి. అక్కడ ఉప్పునీళ్ల ట్యాంకు మైనస్ 10 దగ్గర ఉంటుంది, బయటేమో సముద్రపు గాలి, ఉక్కపోత. ఆవిరి బయటి నుంచి లోపలికి దూరాలని చూస్తుంది. అందుకే థర్మాకోల్‌కి బయటివైపున తారు పూయించేవాళ్లం. మీకు వేడి లోపలుంది కాబట్టి గట్టి తొడుగు కిందివైపు ఉండాలి. ఇది తెలియక కొందరు మూత మీద టార్పాలిన్, దాని మీద ఇంకో టార్పాలిన్ కప్పుతారు. వాన ఆగుతుంది, సరే. కిందనుంచి వచ్చే ఆవిరి ఆగకపోగా బయటికి పోయే దారి కూడా మూసుకుపోతుంది.

ఆ ట్యాంకు సంగతే ఇంకోటి చెబుతాను. ట్యాంకంతటికీ కలిపి ఒకే మూత ఉండదు. ఐస్ క్యాన్ల మీద, అంటే నీళ్లు గడ్డకట్టే డబ్బాల మీద, వరసకి చిన్న చిన్న చెక్క మూతలు. ఏ క్యాన్ తియ్యాలో దాని మూతే లేపుతారు. నీకు చెప్పదలచుకున్నదీ అదే. ఆవిరి ఆపడం ఒక పని, వేడి ఆపడం ఒక పని, మంచునీ పిల్లల్నీ ఆపడం ఇంకో పని. మూడూ ఒకే మూత నెత్తిన పెడితే అది బరువెక్కక ఏం చేస్తుంది?

మొదట ఆవిరి. దీన్ని చాలామంది పట్టించుకోరు గానీ అసలు నష్టం ఇక్కడే. ఆ వేడిలో ఒక లీటరు నీరు ఆవిరైపోతే సుమారు 0.67 యూనిట్ల వేడి పట్టుకుపోతుంది. రెండు కిలోవాట్ల గీజర్ 20 నిమిషాలు వేసినంత. దీనికి మందు చవకే: నీళ్ల మీద నేరుగా తేలే షీటు. బుడగలున్న రకం దొరుకుతుంది, బుడగలు కిందికి పెట్టి పరచాలి. పావు అంగుళం మందం ఉన్న ఫోమ్ షీటు దొరికితే అదింకా మేలు, నీళ్లు పీల్చని రకమని చూసి తీసుకో. కత్తెరతో టబ్ ఆకారానికి కోసుకోవచ్చు. టబ్‌లో దిగే ముందు మొత్తం తీసి చుట్టి పక్కన పెట్టాలి, సగం మడిచి వదలకూడదు. ఇది ఈ వారమే కొను. పైన ఏ మూత వేసినా ఆవిరి దాని దాకా వెళ్లకుండా ఇది కాపాడుతుంది, కొత్త మూత నీళ్లు తాగడం కూడా తగ్గుతుంది.

ఇక వేడి. మీ ఊళ్లో పెద్ద హార్డ్‌వేర్ షాపుల్లో గులాబీ రంగువో నీలం రంగువో ఫోమ్ బోర్డులు అమ్ముతారు, నాలుగడుగులకి ఎనిమిదడుగులు. అవి మన తెల్ల థర్మాకోల్ కంటే గట్టివి, నీళ్లూ తక్కువ పీలుస్తాయి. రెండంగుళాలవి రెండేసి అతికిస్తే నాలుగంగుళాల మందం. మీ ఏడడుగుల టబ్‌కి మొత్తం సుమారు 11, 12 కిలోలు. మూడు ముక్కలు చేశావనుకో, ఒక్కోటీ నాలుగు కిలోల దరిదాపుల్లోనే. మందపాటి ప్లాస్టిక్ షీటులో చుట్టి, అతుకులన్నీ టేపుతో మూసెయ్యాలి. ఎండ నేరుగా తగిలితే పైన పొడిలా రాలుతుంది, అందుకని ఒక గుడ్డ కవరు కుట్టించుకోవాలి. అది నిప్పంటుకునే సరుకు, కార్తీక దీపాలు టబ్ దగ్గరి ఆ అరుగు (డెక్) మీద పెట్టకు.

కానీ నీ ఇంట్లో నాలుగేళ్ల బుడ్డోడు ఉన్నాడు. ఈ ముక్కలు వాడి బరువు ఆపవు, తేలే షీటు అసలే ఆపదు. షీటు మీద కాలు పెట్టిన పిల్లాడు దాని కిందికి జారిపోతే పైనుంచి చూసేవాళ్లకి కనబడడు కూడా. అందుకని ఫోమ్ ముక్కల మార్గం పిల్లల్లేని ఇంటికే. మీకు పైన తాళం పడే మూత తప్పదు. కొనేటప్పుడు ఏఎస్‌టీఎం ఎఫ్1346 అనే భద్రతా ప్రమాణం ఉందా లేదా అని అడుగు. ఉంటే లేబుల్ మీద రాసి ఉంటుంది. అమ్మేవాడి నోటిమాట మీద పోవద్దు.

తాళం పడేవాటిలో బరువు తక్కువవి ఏమున్నాయంటే, గాలి గదులతో కుట్టిన కవర్లు ఉన్నాయి. థర్మాకోల్ ఉండదు కాబట్టి నీళ్లు తాగి బరువెక్కే బాధ లేదు, ఆడపిల్ల ఒక్కతే తీసేయగలదు. కాకపోతే పెద్ద గదిలో గాలి లోపల్లోపల తిరుగుతుంది కాబట్టి అంతే మందం ఉన్న ఫోమ్‌కి సాటి రాదు. చలికి గాలి ముడుచుకుని గదులు మెత్తబడితే మళ్లీ నింపుకోవాలి. బరువు లేనిది గాలికి లేస్తుంది, పట్టీలు బిగించడం మరవకూడదు. అల్యూమినియం పలకలతో చాపలా చుట్టుకునేవీ ఉన్నాయి, గట్టివే గానీ ధర ఎక్కువ. నాకైతే అంత ఖర్చు అనవసరం అనిపిస్తుంది.

నన్నడిగితే, కింద తేలే షీటు, పైన ఆ ప్రమాణం ఉన్న గాలి గదుల కవరు. అలాంటిది మీ సైజులో దొరక్కపోతే మామూలు కొత్త మూతే కొని, దానికి గ్యాస్ షాక్‌లు (కారు డిక్కీ తలుపుని లేపి పట్టే గొట్టాల్లాంటివి) ఉన్న లిఫ్టర్ చేయి బిగించుకోండి. అది మూతని మడిచి పక్కకి తోసేస్తుంది, నువ్వు బరువు మొయ్యక్కర్లేదు. పాత మూతకే లిఫ్టర్ పెడదామంటే మాత్రం ఒప్పుకోను. తడి బరువుకి ఆ చేయి వంగుతుంది.

ఏది కొన్నా మంచు పేరుకోనివ్వకు. కాస్త అణిగిన మంచు అడుగు మందం పేరుకుంటే మీ టబ్ మీద 100 కిలోలు దాటేస్తుంది. మెత్తటి చీపురుతో తుడిచాకే తియ్యి, పార వాడితే రెగ్జిన్ చిరుగుతుంది. నీళ్లలో క్లోరిన్ ఎక్కువ మోతాదు వేసిన రోజు ఓ అరగంట మూత తెరిచి ఉంచి దగ్గరే నిలబడు, లేకపోతే ఆ ఘాటుకి కింది తొడుగు పెళుసెక్కుతుంది.

కొలతలు పాత మూతవి తీసుకోకు, అది సాగి ఉంటుంది. టబ్ అంచునే కొలువు. మూలల గుండ్రం తెలియాలంటే రెండు స్కేళ్లు రెండు వైపులా ఆనించి, అవి కలిసిన చోటు నుంచి వంపు మొదలయ్యే చోటుకి ఎంతుందో చూడు. ఆ అంకె తప్పితే మూల దగ్గర సందు పడుతుంది. అన్నీ కాగితం మీద వేసి వాట్సాప్‌లో పెట్టు, ఆర్డర్ ఇచ్చే ముందు నేనొకసారి చూస్తాను.

మీ మావయ్య