పాలు పడనివారికి పెరుగు ఎలా పడుతుంది?

గ్లాసు పాలు తాగితే కడుపు ఉబ్బుతుంది, పెరుగన్నం తింటే ఏమీ కాదు, ఎందుకని అడిగారు. తేడా అంతా లాక్టోస్ అనే పాల చక్కెరది. 100 మిల్లీలీటర్ల పాలలో అది దాదాపు 5 గ్రాములుంటుంది. దాన్ని విడగొట్టే లాక్టేజ్ ఎంజైము చాలామందికి బాల్యం దాటాక తగ్గిపోతుంది. అరగని చక్కెర పెద్దపేగుకు చేరి అక్కడ పులుస్తుంది. గ్యాసు, గుడగుడలు అందుకే.

గోరువెచ్చని పాలలో చెంచాడు తోడు వేస్తే ఆ పులియడం కొంతవరకు గిన్నెలోనే జరిగిపోతుంది. పెరుగు పులుపు ఆ చక్కెర నుంచి పుట్టిన లాక్టిక్ ఆమ్లమే. మిగిలినదాన్ని అరిగించడానికి తోడులోని బ్యాక్టీరియా పేగుల్లోనూ సాయపడుతుంది. కాల్షియం, ప్రోటీన్ ఎక్కడికీ పోవు. నీళ్ల మజ్జిగలో మాత్రం రెండూ పలచబడతాయి. ఎముకల కోసమైతే గడ్డపెరుగే నయం.

పాలు తాగగానే దద్దుర్లు, ఆయాసం వస్తే అది అలర్జీ కావచ్చు. అప్పుడు పెరుగు కూడా ముట్టకుండా వైద్యుణ్ణి కలవండి.