అమ్మమ్మ పాత ఫోటోను ఆయిల్ పెయింటింగ్‌లా చేయాలంటే ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

అమ్మమ్మగారి నలుపు తెలుపు ఫోటోను పెయింటింగ్‌లా చేసి గోడకు పెట్టుకోవాలి, అందుకు ఫోటోషాప్ కొనాలా, ఒకే సాఫ్ట్‌వేర్‌తో పని అవుతుందా అని అడిగారు. కొనక్కర్లేదండీ. మా బంధువుల పాత ఫోటోలను చాలాకాలంగా ఇలా గీస్తున్నాను. నేను వాడేవి ఫోటోలు సరిచేసే గింప్, బొమ్మలు గీసే క్రిటా. రెండూ ఉచితమే. ఫోటోషాప్ ఇప్పటికే ఉంటే అందులోని మిక్సర్ బ్రష్ (రంగుల్ని తడి పెయింట్‌లా కలిపేది) చాలా బాగుంటుంది. లేకపోతే ఆ డబ్బుతో చిన్న పెన్ టాబ్లెట్ (ఒత్తిడి తెలిసే పెన్నుతో గీసే పలక) కొనండి. మౌస్‌కి ఒత్తిడి తెలియదు కాబట్టి గీతలన్నీ ఒకే మందంలో పడతాయి.

ముందు స్కానింగ్. 3×4 అంగుళాల ఫోటోను 1200 డీపీఐలో (అంగుళానికి 1200 చుక్కలు) స్కాన్ చేస్తే 3600×4800 పిక్సెళ్లు వస్తాయి. 300 డీపీఐలో 12×16 అంగుళాల ప్రింటుకు అది సరిపోతుంది. గీతలు, మచ్చలు గింప్‌లోని హీల్ టూల్‌తో తీసేయండి. ఆ తర్వాత పనంతా క్రిటాలోనే.

రంగుల కోసం ఫోటో పైన కొత్త లేయర్ (పారదర్శకమైన పొర) వేసి, దాని బ్లెండింగ్ మోడ్‌ను, అంటే కింది పొరతో కలిసే తీరును, 'కలర్'కి మార్చండి. ముఖమంతా ఒకే రంగు పూయకండి. నుదురు కాస్త పసుపు వైపు, బుగ్గలు, ముక్కు ఎరుపు వైపు ఉంటేనే చర్మానికి ప్రాణం వస్తుంది. చీర రంగు మాత్రం ఊహించకండి. ముదురు ఎరుపు, ముదురు ఆకుపచ్చ రెండూ నలుపు తెలుపులో ఒకేలా కనిపించవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఆ చీర గుర్తున్నవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు.

ఫిల్టర్ల విషయానికి వస్తే, క్రిటాలో ఉన్న జీమిక్ అనే ఫిల్టర్ల సంకలనంలో పెయింటింగ్‌లా మార్చేవి చాలా ఉన్నాయి. ఒక్క క్లిక్కుతో చూడముచ్చటగానే వస్తుంది. కానీ వెనకున్న స్టూడియో తెరకీ అమ్మమ్మ కళ్లకీ తేడా ఫిల్టర్‌కు తెలియదు, రెండింటినీ ఒకేలా అలికేస్తుంది. అందుకే నేను దాన్ని అడుగు లేయర్‌గానే ఉంచి, ముఖం దగ్గర మాస్క్‌తో (లేయర్‌లో కొంత భాగాన్ని దాచే సాధనం) తీసేస్తాను.

అసలు పెయింటింగ్ దాని పైన ఖాళీ లేయర్‌లో మొదలవుతుంది. కలర్ స్మడ్జ్ బ్రష్ (రంగుల్ని పులిమి కలిపేది) తీసుకుని, సెట్టింగుల్లో 'ఓవర్‌లే' ఆన్ చేస్తే కింది లేయర్ల రంగుల్ని అదే తీసుకుంటుంది, ఫోటో చెడిపోదు. ముందు పెద్ద బ్రష్‌తో తెర, తర్వాత చీర. కొంగు మడతలు ఎటు పడ్డాయో బ్రష్ కూడా అటే వెళ్లాలి. జుట్టు, తెర కలిసేచోట అంచు కొంచెం కరిగిపోనివ్వండి. అన్ని అంచులూ పదునుగా ఉంటే ఫోటోను కత్తిరించి అతికించినట్టు ఉంటుంది. కళ్లు, ముక్కుపుడక, పెదవులు చివర్లో, చిన్న బ్రష్‌తో. పోలిక ఎక్కువగా పెదవుల చివర్ల దగ్గరే తప్పుతుంది కాబట్టి పై లేయర్‌ను మాటిమాటికీ ఆపి అసలు ఫోటోతో పోల్చుకోండి. ఎం కీ నొక్కితే బొమ్మ అద్దంలోలా తిరగబడుతుంది, వంకరలు వెంటనే తెలుస్తాయి.

పెద్ద కాన్వాస్ ప్రింటు వేయించే ముందు ముఖం వరకు చిన్న ప్రింటు తీయించి పగటి వెలుతురులో చూడండి. ముదురు భాగాలు సాధారణంగా స్క్రీన్ మీదకన్నా నల్లగా వస్తాయి. జుట్టులో గీతలు కలిసిపోతే ఆ భాగాన్ని కాస్త లేతగా చేసి మళ్లీ ప్రింటుకు ఇవ్వండి.