లేబుల్ బొమ్మ ఎవరి సొత్తు?

ప్రశ్న: మా పచ్చళ్ల సీసాల లేబుల్‌ను బయటి డిజైనర్ చేత కంప్యూటర్‌లో చేయించి రూ.8,000 ఇచ్చాం. అదే బొమ్మ కారప్పొడి ప్యాకెట్ల మీద వేస్తే మళ్లీ డబ్బు కట్టాలంటున్నాడు. డబ్బిచ్చాక అది మాదే కదా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: కాదండీ. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం మామూలుగా గీసినవారే తొలి హక్కుదారు. అతను మీ దగ్గర ఉద్యోగిగా ఆ పని చేసుంటే హక్కు మీదయ్యేది. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీదా హక్కు తీయించుకున్నవారిదే. ఈ లేబుల్‌కు ఆ వెసులుబాటు రాదు.

యూపీఐ రసీదు చాలదు. హక్కుల బదిలీ పత్రం రాయించి అతని సంతకం తీసుకోండి. లేబుల్ ప్రింటు జతచేసి, ఏయే హక్కులో, ఎంత సొమ్ముకో రాయాలి. చాలామంది బోల్తా పడేది గడువు దగ్గర: రాయకపోతే ఐదేళ్లే! ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అమెరికాకు పచ్చళ్లు పంపేవాళ్లు ‘ప్రపంచమంతటా, కాపీరైట్ ఉన్నంతకాలం’ అని రాయించాలి. ఏడాదిలోపు వాడని హక్కు తిరిగి అతనికే పోతుంది. అలా పోదని కూడా ఒక వాక్యం చేర్చండి.

పనిలో పనిగా అసలు ఫైలూ అడగండి. జేపీజీని పెద్దది చేస్తే అచ్చులో అక్షరాలు మసకేస్తాయి.

కాపీరైట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయిస్తే సరుకు లేబుల్‌కు ఫీజు రూ.2,000, పైగా ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ నుంచి సెర్చ్ సర్టిఫికెట్ (అలాంటి ట్రేడ్‌మార్క్ ఇంకెవరి పేరిటా లేదనే పత్రం) కావాలి.