మీ ప్రశ్న – మా జవాబు: శాంటా రైలు

ప్రశ్న: మేం లండన్ దగ్గర క్రోయ్‌డన్‌లో ఉంటాం, ఈసారి క్రిస్మస్‌కి అమ్మానాన్న ఇండియా నుంచి వస్తున్నారు, ఐదేళ్ల పాప శాంటా రైలు ఎక్కాలని ఒకటే గొడవ. మామూలు రైళ్లు తిరిగే మెయిన్ లైన్ మీద వెళ్లేది ఎక్కాలా, పాత ఆవిరి రైళ్లని సరదా కోసం నడిపే హెరిటేజ్ రైల్వేనా?

జవాబు: చిన్నపిల్ల ఉంది కాబట్టి హెరిటేజ్‌కే నా ఓటు. మెయిన్ లైన్ స్టీమ్ రైలు స్పీడుగా బాగానే పోతుంది కానీ మామూలు రైళ్ల మధ్యలో టైమ్ స్లాట్ దొరకాలి, దారిలో నీళ్లు పట్టుకోవడానికి ఆగాలి, దాంతో ప్రయాణం బాగా లాగుతుంది, పాప సగంలోనే నిద్రపోతుంది. హెరిటేజ్ లైన్ల మీద సాధారణంగా గంటకి 25 మైళ్లు దాటరు, శాంటా ప్రతి టేబుల్ దగ్గరికీ వచ్చి గిఫ్ట్ ఇవ్వాలంటే ఆ నత్తనడకే కావాలి మరి! చాలాచోట్ల పాత పెట్టెలకి ఇంజిన్ నుంచే పైపుల్లో ఆవిరి పంపి వేడి చేస్తారు, సీటు కింద వెచ్చగా తగులుతుంటే మీ అమ్మగారు శాలువా తీసేస్తారు చూడండి.

మీకు దగ్గర్లో బ్లూబెల్ రైల్వే ఉంది, 1960 నుంచి ఎక్కువగా వాలంటీర్లే నడుపుతున్నారు, 11 మైళ్ల లైను. ఆ లైనుకి ఒక చివర ఉన్న ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌కి మీ ఈస్ట్ క్రోయ్‌డన్ నుంచి డైరెక్ట్ రైలుంది, కాకపోతే క్రిస్మస్ రైలు ఏ స్టేషన్‌లో ఎక్కాలో టికెట్ మీద చూసుకోండి, రెండో చివరి స్టేషన్ షెఫీల్డ్ పార్క్ అని ఉంటే కంగారుపడి షెఫీల్డ్ సిటీకి వెళ్లిపోకండి, అది ఎక్కడో యార్క్‌షైర్‌లో ఉంది.

రైల్లో మిన్స్ పై ఇస్తే లోపల ఉండేది ఎండుద్రాక్ష, మసాలాలే గానీ కొన్నిట్లో ఆవు కొవ్వు కలుపుతారు, నాన్నగారు శాకాహారి అయితే ముందే అడగండి. డిసెంబర్ 25న మాత్రం బ్రిటన్‌లో మామూలు రైళ్లే దాదాపు ఉండవు, అంతకుముందు వీకెండ్‌కి ఇప్పుడే బుక్ చేసేయండి.