కరీబియన్ మెడికల్ కాలేజీ: టైమ్‌టేబుల్‌లో కనిపించని గంటలు

ప్రశ్న: సార్, మాది నరసరావుపేట దగ్గర పల్లె. అమ్మాయి బైపీసీ చదివి రెండుసార్లు నీట్ రాసింది. రెండోసారి అర్హత వచ్చింది కానీ కన్వీనర్ కోటాలో సీటు వచ్చే ర్యాంకు కాదు. గ్రెనడా అనే దేశంలో మెడిసిన్ చదివితే అమెరికాలో డాక్టర్ కావచ్చని న్యూజెర్సీలో ఉన్న మా బావగారు అంటున్నారు. కన్సల్టెన్సీ వాళ్ళు అక్కడి వారం టైమ్‌టేబుల్ ఇచ్చారు. పొద్దున 8 నుంచి 12 దాకా క్లాసులు, మధ్యాహ్నం మూడు రోజులు ఏవో గ్రూపులు, శని ఆదివారాలు సెలవు. ఇంటర్‌లో పొద్దున ఆరింటి నుంచి రాత్రి పదింటి దాకా చదివించేవాళ్ళు. ఇంత తక్కువ క్లాసులతో డాక్టర్ ఎలా అవుతుంది? మిగతా టైమంతా ఆ సముద్రం పక్కన ఒక్కతీ ఏం చేస్తుంది? మావారు రెండెకరాలు అమ్ముదామంటున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, ఆ టైమ్‌టేబుల్ చూసి చాలామంది తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకుంటారు, పిల్లకు కాస్త విశ్రాంతి దొరుకుతుందని. మీరు భయపడ్డారు. మీ భయమే నిజానికి దగ్గరగా ఉంది. అయితే క్లాసులు తక్కువైనందుకు కాదు. ఆ కాగితం మీద ఖాళీగా కనిపిస్తున్న గళ్ళలోనే అక్కడి చదువంతా ఉంది. వాటిని నింపే పని కాలేజీ చేయదు, మీ అమ్మాయే చేసుకోవాలి.

మీరు చెబుతున్నది గ్రెనడా కాబట్టి అక్కడి సంగతే చెబుతాను. కరీబియన్ సముద్రంలో ఉన్న ఆ దీవిలోని సెయింట్ జార్జెస్ యూనివర్సిటీలో 1977 నుంచి మెడిసిన్ చెబుతున్నారు. మన దగ్గర ఎంబీబీఎస్ మొదటి సంవత్సరంలో అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ వేటికవే ఉంటాయి, వేర్వేరు పుస్తకాలు, వేర్వేరు పరీక్షలు. అక్కడ మొదటి టర్మ్‌లో అన్నీ కలిపి ఒకటే పెద్ద కోర్సు. సోమవారం ఎనిమిదింటికి భుజంలోని నరాల గురించి లెక్చర్ మొదలవుతుంది. తర్వాతి గంటలో కొల్లాజెన్ ఎలా తయారవుతుందో చెబుతారు. ఆ పై గంటలో కండరం మైక్రోస్కోప్ కింద ఎలా కనిపిస్తుందో, చివరి గంటలో ఒక జబ్బు తల్లి నుంచి బిడ్డకు ఎలా వస్తుందో. పన్నెండు అయ్యేసరికి నాలుగు సబ్జెక్టులు, వందకు పైగా స్లైడ్లు చేతిలో ఉంటాయి. మంగళవారం ఇంకో నాలుగు గంటలు. నిన్నటిది అర్థమైందా అని ఎవరూ ఆగరు.

ఒక లెక్క వేసి చూడండి. వారానికి 20 గంటల లెక్చర్లు. గంట లెక్చర్ వంటబట్టాలంటే కనీసం రెండు గంటలు సొంతంగా చదవాలని నేను పిల్లలకు చెబుతాను. అదే 40 గంటలు. గ్రూపులు, ల్యాబ్‌లు కలిపి ఇంకో ఆరేడు గంటలు. మొత్తం 65 గంటలు దాటింది. ఇందులో కాలేజీ కాగితం మీద కనిపించేది సగం కూడా లేదు. ఇక శని ఆదివారాలు సెలవన్నది పేరుకే. వారంలో మిగిలిపోయిన లెక్చర్లు తీర్చుకునే రోజులవి.

ఇక్కడే మన పిల్లలకు ఇబ్బంది వస్తోంది. కొన్నేళ్ళ కిందట నా దగ్గర సలహా తీసుకుని వెళ్ళిన ఒక అబ్బాయి గురించి చెబుతాను. ఇంటర్‌లో రోజుకు 14 గంటలు స్టడీ హాల్లో కూర్చున్నవాడు. సోమరి ఎంతమాత్రం కాదు. దీవికి వెళ్ళాక ఒక్క లెక్చర్ కూడా మానలేదు. పన్నెండింటికి రూముకు వచ్చి, తిని, ఎండకు అలసి కాసేపు పడుకునేవాడు. లేచేసరికి నాలుగు. ఇంట్లోవాళ్ళతో మాట్లాడి, వంట చేసుకుని, రాత్రి ఎనిమిదింటికి పుస్తకం తీసేవాడు. లెక్చర్ల రికార్డింగులు ఉన్నాయి కదా, శనివారం చూద్దాం అనుకునేవాడు. మూడో వారం చివర తిరిగి చూసుకుంటే 60 లెక్చర్లలో సరిగ్గా చదివినవి పదిహేను. మొదటి పరీక్ష పోయింది. ఆ టర్మ్ పాఠాలనే రెండు టర్మ్‌ల మీద నెమ్మదిగా చదివే దారిలోకి మారాల్సి వచ్చింది. ఆ అదనపు టర్మ్ అద్దె, తిండి అన్నీ తండ్రి మీదే పడ్డాయి.

వాడు నాతో ఫోన్‌లో అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "సార్, బెల్లు కొట్టేవాళ్ళు లేరు సార్ ఇక్కడ." పదిహేడేళ్ళు వచ్చేదాకా ఏ గంటకు ఏ పుస్తకం తీయాలో ఆ పిల్లవాడు సొంతంగా నిర్ణయించుకోవాల్సిన అవసరమే రాలేదు. తప్పు వాడిది కాదు. మనం అలా పెంచాం, అలా చదివించాం. తర్వాత వాడు నిలదొక్కుకున్నాడు. ఒంటిగంటన్నరకు రూముకు వెళ్ళకుండా నేరుగా లైబ్రరీకి వెళ్ళి, ఆ రోజు లెక్చర్లు ఆ రోజే ముగించి, సాయంత్రం ఆరున్నరకే రూముకు రావడం అలవాటు చేసుకున్నాడు. మంచం కనిపించకపోవడమే తనను కాపాడిందన్నాడు.

మీరు రాసిన "ఏవో గ్రూపులు" కూడా చిన్న విషయం కాదమ్మా. ఏడెనిమిది మంది ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒక రోగి కథ ఇస్తారు. 45 ఏళ్ళ మనిషి, మూడు నెలలుగా చేతివేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి, రాత్రిళ్ళు ఎక్కువ. ఏ నరం దెబ్బతిని ఉంటుంది, ఎందుకనుకుంటున్నారు? ప్రతి ఒక్కరూ ఇంగ్లీషులో నోరు విప్పి చెప్పాలి. మన పిల్లలకు జవాబు తెలిసి కూడా నోరు పెగలదు, తప్పు మాట్లాడితే నవ్వుతారేమోనని. అక్కడ ఎవరూ నవ్వరు, మాట్లాడని వాళ్ళనే ట్యూటర్ గమనిస్తాడు. పరీక్షల్లో కూడా ఇదే పద్ధతి. నీట్‌లో ఒక లైను ప్రశ్న, నాలుగు ఆప్షన్లు. ఇక్కడ అరపేజీ కథ చదివి, అందులో పనికొచ్చే రెండు ముక్కలు ఏరుకుని జవాబు పెట్టాలి. ఇంకో మధ్యాహ్నం అనాటమీ ల్యాబ్, మరో రోజు రోగులుగా నటించడానికి శిక్షణ పొందిన మనుషులతో మాట్లాడటం, బీపీ చూడటం, గుండె చప్పుడు వినడం. మొదటి టర్మ్ నుంచే ఇది ఉండటం నాకు బాగా నచ్చే విషయం.

నిజానికి అన్నిటికన్నా ముందు చెప్పాల్సిన సంగతి ఒకటుంది. అమ్మాయి తిరిగొచ్చి నరసరావుపేటలోనో గుంటూరులోనో ప్రాక్టీస్ పెట్టాలన్న ఆశ మీకు ఏమూలన్నా ఉంటే ఈ దారి వద్దు. 2021 నవంబర్‌లో జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన నిబంధనల ప్రకారం, విదేశంలో చదివినవాళ్ళు ఇక్కడ రిజిస్టర్ కావాలంటే కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, అదే విద్యాసంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి, చదువులో ఏ భాగమూ ఆ దేశం దాటి వేరే దేశంలో జరగకూడదు. కరీబియన్ కాలేజీల పద్ధతే వేరు. సుమారు రెండేళ్ళు దీవిలో, తర్వాతి రెండేళ్ళు ఎక్కువగా అమెరికా ఆసుపత్రుల్లో. ఈ రెండూ పొసగవు. కన్సల్టెన్సీ వాళ్ళు మీకు ఇచ్చిన కాగితాల్లో ఈ మాట ఉందో లేదో చూడండి. లేకపోతే వాళ్ళను నిలదీసి అడగండి.

మీ బావగారు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు. ఆయన చుట్టుపక్కల తెలుగువాళ్ళ పిల్లలు ఈ కాలేజీల్లో చదివి డాక్టర్లయి ఉంటారు, అది నిజమే. కానీ వాళ్ళలో చాలామంది అమెరికా పౌరులు. వాళ్ళకు ఈ పెద్ద కాలేజీల్లో చదవడానికి అక్కడి ప్రభుత్వ విద్యా రుణం వస్తుంది. మీ అమ్మాయికి రాదు, మీ రెండెకరాలే రుణం. చదువయ్యాక రెసిడెన్సీ, అంటే అమెరికా ఆసుపత్రిలో డాక్టరుగా శిక్షణ పొందే సీటు, దొరకడంలోనూ తేడా ఉంది. 2024లో బయటి దేశాల్లో చదివిన అమెరికా పౌరుల్లో 67 శాతం మందికి సీటు వస్తే, పౌరసత్వం లేనివాళ్ళలో 58.5 శాతం మందికి వచ్చింది. ఆపైన వీసా. ఇంకొకటి, ఇంటర్ తర్వాత నేరుగా వెళితే మెడిసిన్ మొదలయ్యే ముందు కనీసం ఒక ఏడాది ప్రీమెడికల్ చదవాలి. నాలుగేళ్ళ ఫీజు లెక్క మాత్రమే మీకు చెప్పి ఉంటే, ఆ ఏడాది కూడా కలిపి మళ్ళీ లెక్క వేయించుకోండి.

దీవిలో రెండేళ్ళు పూర్తయ్యాక యూఎస్‌ఎంఎల్‌ఈ, అంటే అమెరికాలో డాక్టరు లైసెన్సు కోసం రాసే పరీక్షలో మొదటి మెట్టు, స్టెప్ 1 పాసైతేనే అమెరికా ఆసుపత్రుల్లోకి పంపుతారు. ఆ పరీక్షకు కూర్చోనివ్వడానికే ముందు కాలేజీ ఇంకో పరీక్ష పెడుతుంది. 2022 జనవరి నుంచి స్టెప్ 1కి మార్కులు ఇవ్వడం లేదు, పాస్ లేదా ఫెయిల్ అంతే. పిల్లలు తేలిక పడిందనుకుంటారు. కానీ ఇప్పుడు రెసిడెన్సీకి పిలిచేవాళ్ళు చూసే మార్కు ముఖ్యంగా ఆ పరీక్షలో తర్వాతి మెట్టయిన స్టెప్ 2ది కాబట్టి బరువంతా దాని మీదకు పోయింది. ఆసుపత్రికి వెళ్ళాక వారం పూర్తిగా మారిపోతుంది. జనరల్ మెడిసిన్ 12 వారాలు, సర్జరీ 12, పిల్లల వైద్యం, ప్రసూతి, మానసిక వైద్యం ఆరేసి వారాలు. సర్జరీలో ఉన్నప్పుడు తెల్లవారుజామున ఐదింటికల్లా వార్డులో ఉండాల్సి వస్తుంది. అప్పుడు టైమ్‌టేబుల్ ఆసుపత్రిదే, ఖాళీ గళ్ళ సమస్య ఉండదు. కష్టమంతా ఆ మొదటి రెండేళ్ళది, అందులోనూ మొదటి టర్మ్‌ది.

సముద్రం పక్కన ఏం చేస్తుందని అడిగారు. భయపడాల్సిన చోటు కాదమ్మా. గ్రెనడా చిన్న దేశం, లక్షకు కాస్త ఎక్కువ జనాభా. జాజికాయకు పేరుపొందిన దీవి, జెండా మీద కూడా జాజికాయే ఉంటుంది. వాళ్ళు వండుకునే కూరలు చూస్తే మీ అమ్మాయికి కొత్త అనిపించదు. చేమాకును 'కలలూ' అనే పేరుతో కూరలా వండుతారు. సీమపనసకాయలో కొబ్బరిపాలు, పసుపు వేసి ఆయిల్ డౌన్ అనే వంట చేస్తారు. పచ్చి కందిగింజలు అన్నంలో వేసి వండటం మామూలు. కందిపప్పు దొరకని రోజు పచ్చబఠాణీ పప్పుతో సరిపెట్టుకోవచ్చు. కరివేపాకు పొడి, కారం, కుక్కర్ ఇక్కడి నుంచి పంపండి. కరెంటు మనలాగే 230 వోల్టులు, మిక్సీ పనిచేస్తుంది. ప్లగ్గు మాత్రం బ్రిటిష్ పద్ధతి చదరపు పిన్నులది. సరుకులు చాలావరకు ఓడల మీద రావాల్సిందే కాబట్టి ధర ఎక్కువ. వారానికి ఒక్కసారి, ఆదివారం కాకుండా శనివారం పొద్దున, కూరలు కొనుక్కుని నాలుగు రోజులకు వండి పెట్టుకునే పిల్లలు చదువులో కూడా కుదురుగా ఉంటారని నేను గమనించాను. ఆదివారం అక్కడ చాలా దుకాణాలు మూసేస్తారు.

మీ ఫోన్ కాల్స్ సంగతి కూడా చెప్పాలి. గ్రెనడా మనకన్నా తొమ్మిదిన్నర గంటలు వెనక. మీరు రాత్రి ఎనిమిదింటికి భోజనాలయ్యాక ఫోన్ చేస్తే అక్కడ పొద్దున పదిన్నర, అమ్మాయి లెక్చర్ హాల్లో ఉంటుంది. ఎత్తకపోతే కంగారు పడొద్దు. రోజూ గంటసేపు మాట్లాడాలని పట్టుబట్టకండి, ఆ గంట ఆమె మధ్యాహ్నం నుంచే పోతుంది. మామూలు రోజుల్లో ఒక వాయిస్ మెసేజ్ చాలు. మన ఆదివారం సాయంత్రం ఏడున్నరకు అక్కడ ఆదివారం పొద్దున పది. అప్పుడు తీరిగ్గా మాట్లాడుకోండి. పరీక్ష వారంలో ఊళ్ళో కబుర్లు, ఎవరి పెళ్ళి కుదిరింది, ఎవరికి ఒంట్లో బాగాలేదు, ఇవన్నీ పక్కన పెట్టండి.

జూన్ నుంచి నవంబర్ దాకా తుఫానుల కాలం. 2017 సెప్టెంబర్‌లో మరియా తుఫాను డొమినికా దీవిని ధ్వంసం చేసినప్పుడు అక్కడి రాస్ యూనివర్సిటీ విద్యార్థులకు సెయింట్ కిట్స్ రేవులో ఆగి ఉన్న ఓడలో క్లాసులు పెట్టారు. బస, చదువు అంతా ఆ ఓడలోనే. తర్వాత ఆ కాలేజీ బార్బడోస్‌కు మారింది. తుఫాను వస్తే తరలింపు ఎలా, క్లాసులు ఎక్కడ, ఫీజు సంగతేంటి అని చేరేముందే రాతపూర్వకంగా అడగండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఒకటుంది. అమ్మాయిని నాలుగు వారాలు ఇంట్లోనే ఆ టైమ్‌టేబుల్ ప్రకారం నడవనివ్వండి. ఫిజియాలజీ, అనాటమీ లెక్చర్లు ఇంగ్లీషులో యూట్యూబ్‌లో ఉచితంగా దొరుకుతాయి. పొద్దున 8 నుంచి 12 దాకా నాలుగు లెక్చర్లు వినాలి. మధ్యాహ్నం ఏం చేయాలో మీరు చెప్పకండి, మావయ్యలు చెప్పకూడదు, నాన్న గొంతు పెంచకూడదు. చదువుకో అన్న మాట ఇంట్లో ఎవరి నోటి నుంచీ రాకూడదు. వంట తనే చేసుకోవాలి, బట్టలు తనే ఉతుక్కోవాలి. ఏ రోజు ఏ లెక్చర్ ఎన్ని గంటలు తిరిగి చదివిందో ఒక నోట్‌బుక్‌లో తనే నిజాయితీగా రాసుకోవాలి. ప్రతి శనివారం ఆ వారం పాఠాల మీద ఒక ఆన్‌లైన్ పరీక్ష రాసి మార్కులు పక్కనే వేయాలి. మొదటి వారం తడబడుతుంది, అందరూ తడబడతారు. నాకు కావాల్సింది మూడో వారం, నాలుగో వారం పేజీలు.

ఆ నోట్‌బుక్ తీసుకుని అమ్మాయినీ, వాళ్ళ నాన్ననూ వెంటబెట్టుకుని రండి. అప్పటిదాకా పొలానికి బయానా తీసుకోకండమ్మా.